గేర్ రాడ్ బిగువుగా పడాలంటే ఏం మార్చాలి: బుష్‌లా, షార్ట్ షిఫ్టరా, బరువు నాబా?

గేర్ లూజుగా ఉందనిపించే కార్లన్నిటికీ జబ్బు ఒకటే కాదు. కొన్నిట్లో గేర్ పడ్డాక కూడా రాడ్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. కొన్నిట్లో ఊపు ఉండదు గానీ రెండు నుంచి మూడుకి పోవాలంటే చెయ్యి బాగా చాచాలి. ఇంకొన్నిట్లో గేర్ పడిందో లేదో చేతికి తెలియదు, క్లచ్ వదిలాక గానీ సంగతి బయటపడదు. యాక్సిలరేటర్ నొక్కి వదిలినప్పుడల్లా రాడ్ తనంతట తానే కదిలే బాపతు మరొకటి. షిఫ్టర్ అప్‌గ్రేడ్ పేరుతో అమ్మే సరుకు ఏదైనా సాధారణంగా వీటిలో ఒక్కదానికే పనికొస్తుంది. దూరం తగ్గించే వస్తువు (షార్ట్ షిఫ్టర్) కొని ఊపు తగ్గలేదేమని బాధపడేవాళ్లే ఎక్కువ.

ఇక్కడి మాటలు ముఖ్యంగా రెండు కేబుళ్లతో గేర్ మారే ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లకు వర్తిస్తాయి: స్విఫ్ట్, ఐ20, పోలో లాంటివి. మారుతి 800 తరం రాడ్ లింకేజికీ, బొలేరో, జిప్సీల్లో మాదిరి నేరుగా గేర్‌బాక్స్ మీదే నిలబడే రాడ్‌కీ లెక్క కాస్త వేరు. వాటి సంగతి తర్వాత.

కొనే ముందు: లూజు ఎక్కడుందో పట్టుకోవడం

ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రానికి అడ్డం పెట్టండి. మూడో గేర్ వేసి, నాబ్ పక్కన ఒక స్టీలు స్కేలును టేపుతో నిలబెట్టండి. రెండు వేళ్లతో నాబ్‌ను ముందుకు ఎదురు తగిలేదాకా, తర్వాత వెనక్కి ఎదురు తగిలేదాకా కదిపి, ఎన్ని మిల్లీమీటర్లు ఆడిందో రాసుకోండి. బలం పెట్టొద్దు, రబ్బరు సాగితే అది కూడా ఆటలా కనిపిస్తుంది. ఎడమా కుడీ కూడా అలాగే. కొత్త కారుకైనా కొంత ఆట ఉంటుంది కాబట్టి ఈ అంకె ఎంత ఉండాలన్నది కాదు, పని చేశాక ఎంత తగ్గిందన్నదే చూడాలి.

తర్వాత బానెట్ ఎత్తండి. ఇలాంటి కార్లలో ఎక్కువ వాటికి గేర్‌బాక్స్ పైభాగం బ్యాటరీ ట్రే, ఎయిర్ ఫిల్టర్ డబ్బాల కింద ఉంటుంది. అక్కడికి వచ్చే కేబుళ్లలో ఒకటి గేటు (1–2, 3–4 లాంటి వరుస) ఎంచుకోవడానికి, రెండోది గేర్‌లోకి తోయడానికి. ఒకరు లోపల కూర్చుని నాబ్‌ను మెల్లగా ఊపుతుంటే మరొకరు టార్చి వేసి చూడాలి. కేబుల్ చివర కన్ను (రింగు) కదులుతూ, అది పట్టుకున్న ఆర్మ్ కదలకుండా ఉంటే లోపం చివరి బుష్‌లో (కన్నుకీ పిన్‌కీ మధ్య ఉండే ప్లాస్టిక్ లేదా రబ్బరు తొడుగులో) ఉంది. కేబుల్ పైతొడుగే బ్రాకెట్‌లో ముందుకీ వెనక్కీ జరుగుతుంటే బ్రాకెట్ రబ్బరు పోయింది. ఈ రెండూ బాగానే ఉండి, లోపల కన్సోల్ ఊడదీసి చూస్తే షిఫ్టర్ డబ్బా మొత్తం ఫ్లోర్ మీద ఊగుతుంటే అడుగు బుష్‌లు. డబ్బా కదలకుండా రాడ్ గుండు దాని గూట్లోనే ఆడుతుంటే పివట్ గిన్నె అరిగింది. ఇక గేర్‌బాక్స్ నుంచి షాఫ్ట్ బయటికి వచ్చే చోటే అటూ ఇటూ ఊగుతూ ఆయిల్ కారుతుంటే, అది గేర్‌బాక్స్ లోపలి పని. షిఫ్టర్ సామాను దాన్ని ఏమీ చేయలేదు.

మరో రెండు పరీక్షలు తప్పనిసరి. ఇంజిన్ ఆపినప్పుడు అన్ని గేర్లూ హాయిగా పడి, ఇంజిన్ నడుస్తూ కారు నిలబడి ఉన్నప్పుడు మొదటి గేర్, రివర్స్ మొరాయిస్తే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదన్నమాట: హైడ్రాలిక్ లైనులో గాలి, అరిగిన రిలీజ్ బేరింగ్, కేబుల్ క్లచ్ అయితే అడ్జస్ట్‌మెంట్. నడుస్తున్నప్పుడు ఒకే ఒక్క గేర్, ముఖ్యంగా రెండోది, కరకరమంటే సింక్రో రింగు (గేర్ పడేముందు రెండు వైపుల వేగాన్నీ సమం చేసేది) అరిగినట్టు. ఈ రెండిట్లో ఏదున్నా షిఫ్టర్ జోలికి పోవద్దు. బిగువైన షిఫ్టర్ వేస్తే ఆ లోపాన్ని చేతి బలంతో అధిగమించడం మొదలవుతుంది, మిగిలిన సింక్రో కూడా త్వరగా అయిపోతుంది.

షార్ట్ షిఫ్టర్ ఆటను తగ్గించదు, లెక్క చూడండి

నాబ్ నుంచి పివట్‌కి 200 మి.మీ., పివట్ నుంచి కింద కేబుల్ పిన్‌కి 40 మి.మీ. అనుకుందాం. నిష్పత్తి 5:1. గేర్ పడటానికి కేబుల్ 12 మి.మీ. కదలాలంటే నాబ్ 60 మి.మీ. కదలాలి. బుష్‌లో 1 మి.మీ. ఆట ఉంటే అది నాబ్ దగ్గర 5 మి.మీ. అవుతుంది. అంటే చెయ్యి మొత్తం 65 మి.మీ. పోతుంది, అందులో దాదాపు 7.7 శాతం వృథా.

ఇప్పుడు షార్ట్ షిఫ్టర్ వేసి పివట్‌ను 10 మి.మీ. పైకి జరిపాం. పైన 190, కింద 50, నిష్పత్తి 3.8:1. నాబ్ కదలిక 45.6 మి.మీ., ఆట 3.8 మి.మీ., మొత్తం 49.4. వృథా మళ్లీ అదే 7.7 శాతం. దూరం 24 శాతం తగ్గింది, చెయ్యి పెట్టాల్సిన బలం సుమారు 32 శాతం పెరిగింది, అరిగిన బుష్ మాత్రం అలాగే ఉంది. పిడి వదులైన పారకి కర్ర కోసి పొట్టి చేస్తే ఊగడం ఆగుతుందా?

రాడ్‌ను పైన కోసి పొట్టి చేయడం కూడా ఇదే లెక్క. 200ని 160 చేస్తే నిష్పత్తి 4:1, దూరం 20 శాతం తక్కువ, బలం 25 శాతం ఎక్కువ. తేడా ఏమిటంటే నాబ్ 40 మి.మీ. కిందికి దిగుతుంది. స్టీరింగ్ నుంచి చెయ్యి అక్కడికి పోయే దూరం పెరుగుతుంది కాబట్టి గేరు దూరంలో మిగిలింది అక్కడ పోతుంది. సీటు ఎత్తుగా పెట్టుకునేవాళ్లకి ఇది అసలు నప్పదు.

మూడో రకం షార్ట్ షిఫ్టర్ గేర్‌బాక్స్ వైపు ఆర్మ్‌నే పొట్టి చేస్తుంది. చూడటానికి తేలిక పని, కన్సోల్ ఊడదీయక్కర్లేదు. కానీ ఇందులోనే మోసం ఎక్కువ. ఆర్మ్ 20 శాతం పొట్టి అయితే కేబుల్ కదలిక 12 నుంచి 9.6 మి.మీ.కి పడిపోతుంది, బుష్ ఆట 1 మి.మీ. అలాగే ఉంటుంది. వృథా 7.7 నుంచి 9.4 శాతానికి పెరుగుతుంది. పైగా అదే గేర్ వేయడానికి కేబుల్ 25 శాతం ఎక్కువ బలం మోయాలి, బ్రాకెట్ రబ్బరు ఇంకా ఎక్కువ సాగుతుంది, ప్లాస్టిక్ కన్ను పిన్ మీద నుంచి ఊడే ప్రమాదం పెరుగుతుంది. రాడ్ వైపు పివట్ మార్చే రకంలో అదనపు బరువు చేతి మీద పడుతుంది గానీ కేబుల్ మీద పడదు. షార్ట్ షిఫ్టరే కావాలనుకుంటే రాడ్ వైపు రకమే తీసుకోండి. గేర్‌బాక్స్ ఆర్మ్ రకం వేసేటట్లయితే చివరి బుష్‌లు, బ్రాకెట్ బుష్‌లు రెండూ ముందే గట్టివి అయి ఉండాలి.

కొన్ని గేర్‌బాక్సుల్లో ఆ ఆర్మ్ మీద ఒక ఇనుప దిమ్మె ఉంటుంది. అది అనవసరపు బరువని కోసి పారేసేవాళ్లున్నారు. ఆ దిమ్మె పని గేర్ మారే వేగాన్ని సాగనిచ్చి సింక్రో దగ్గర తగిలే గరుకును మింగేయడం. దాన్ని తీసేస్తే ప్రతి గేరూ రెండు ముక్కలుగా పడినట్టు చేతికి తగులుతుంది. కోసిన తర్వాత బరువు నాబ్ కొనడం అంటే పోగొట్టుకున్నదాన్నే మళ్లీ డబ్బిచ్చి తెచ్చుకోవడం.

బుష్‌లు: ఎక్కడ ఏ పదార్థం

ఐదారేళ్లు దాటిన కారుకి మొదటి ఎంపిక బుష్‌లే. తక్కువ ఖర్చు, ఎక్కువ తేడా. కానీ అన్నిచోట్లా ఒకే రకం వేయకూడదు.

కేబుల్ చివరి బుష్‌లతో మొదలుపెట్టండి. ఇంజిన్ వేడికి ప్లాస్టిక్ పెళుసెక్కి, రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. పూర్తిగా రాలిపోతే కేబుల్ కన్ను పిన్ మీద నుంచి జారి, రోడ్డు మధ్యలో ఏ గేరూ పడదు. కంపెనీ చాలా కార్లకి ఈ బుష్‌ను విడిగా అమ్మదు, కేబుళ్ల సెట్టు మొత్తం కొనాలంటుంది. కేబుల్ లోపల తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటే సెట్టు మార్చడమే మంచిది. రెండు చివర్లూ విప్పి లోపలి తీగను చేత్తో లాగి చూడండి, ఇసుకలో లాగినట్టు ఉంటే కేబుల్ అయిపోయింది. తీగ జారుడుగా ఉండి కన్ను మాత్రమే పోతే బుష్ చాలు.

ఇక్కడ డెల్రిన్ (గట్టి, జారుడు ప్లాస్టిక్) అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. ఆర్మ్ తిరిగేటప్పుడు పిన్ సరళ రేఖలో పోదు, వంపుగా పోతుంది. అందుకని బుష్ పిన్ మీద కొంచెం వాలగలగాలి. లేత్ మీద చేయిస్తే లోపలి రంధ్రం పిన్ కన్నా 0.05 నుంచి 0.1 మి.మీ. మాత్రమే పెద్దగా, రెండు అంచులూ గుండ్రంగా తీయించండి. బొత్తిగా బిగువుగా చేస్తే గేరు మధ్యలో పట్టేస్తుంది, ముఖ్యంగా 1 నుంచి 2కి వచ్చేటప్పుడు. ఇత్తడి బుష్ ఆట లేకుండా ఉంటుంది గానీ గ్రీజు ఎండిపోతే కిచకిచమంటుంది, పిన్‌ను కూడా అరగదీస్తుంది. పిన్ అరిగితే ఆర్మే మార్చాలి. నైలాన్ చవకే. కానీ అది గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో వానాకాలం వచ్చేసరికి 0.05 మి.మీ. ఖాళీ మాయమై గేరు బరువెక్కుతుంది. డెల్రిన్ పీల్చే తేమ చాలా తక్కువ.

అడుగు బుష్‌లు షిఫ్టర్ డబ్బాను ఫ్లోర్‌కి బిగించే బోల్టుల దగ్గర ఉంటాయి, సాధారణంగా నాలుగు. వీటికి డెల్రిన్ గానీ అల్యూమినియం గానీ వేసుకోవచ్చు. కొలతలు తీసేటప్పుడు వెర్నియర్‌తో నాలుగు అంకెలు రాయండి: ప్లేటు రంధ్రం వ్యాసం, ప్లేటు మందం, బోల్టు వ్యాసం, లోపలి స్టీలు స్లీవు పొడవు. కొత్త బుష్ బయటి వ్యాసం రంధ్రం కన్నా 0.05 నుంచి 0.1 మి.మీ. తక్కువ. పైముక్క, ప్లేటు, కిందిముక్క కలిసిన ఎత్తు స్లీవు కన్నా డెల్రిన్‌కైతే 0.1 మి.మీ. ఎక్కువ, పీయూకైతే (పాలీయురేథేన్, రబ్బరులాంటి ప్లాస్టిక్) 0.3 మి.మీ. దాకా ఎక్కువ ఉండాలి. అప్పుడు బోల్టు బిగిసేసరికి బుష్ కొద్దిగా నొక్కుకుని, అసలు బిగింపు స్టీలు మీద పడుతుంది. టర్నర్ స్లీవు ఎందుకు దండగ అంటే ఒప్పుకోవద్దు. స్లీవు లేకపోతే బోల్టు ఒత్తిడికి ప్లాస్టిక్ మెల్లగా పరుచుకుపోయి, కొన్ని నెలల్లో బోల్టే వదులవుతుంది. ఇలాంటి చిన్న పనులు విజయవాడ ఆటోనగర్ లేత్ షాపుల్లో పాత బుష్ నమూనా, కాగితం మీద అంకెలు ఇస్తే చేసిపెడతారు. నమూనా ఒక్కటే ఇస్తే అరిగిన బుష్ కొలతకే కొత్తది చేస్తారు, అది గుర్తుంచుకోండి.

బ్రాకెట్ బుష్‌ల దగ్గర ఆగి ఆలోచించాలి. కంపెనీ అక్కడ మెత్తని రబ్బరు పెట్టింది పొదుపు కోసం కాదు. బ్రాకెట్ గేర్‌బాక్స్‌కి బిగించి ఉంటుంది, ఇంజిన్ వణుకు కేబుల్ తొడుగు గుండా షిఫ్టర్ డబ్బాకి పాకే దారి అదే. అక్కడా అల్యూమినియం, అడుగునా అల్యూమినియం వేస్తే కన్సోల్ మొత్తం గుయ్యిమంటుంది. మూడు సిలిండర్ల ఇంజిన్లలో, డీజిల్ కార్లలో ఇది మరీ ఎక్కువ. రెండిట్లో ఒకటే గట్టిది చేయాలంటే అడుగు బుష్‌లు గట్టివి చేసి, బ్రాకెట్‌కి షోర్ ఎ 80 (రబ్బరు గట్టిదనం కొలిచే అంకె) చుట్టుపక్కల పీయూ వేయండి. రోజూ ఆఫీసుకి తిరిగే కారుకి అంతకు మించి అక్కర్లేదు. రేస్ ట్రాక్ కోసం తయారుచేసే కారైతే అది వేరే లోకం, చప్పుడు ఎవరూ పట్టించుకోరు.

బిగింపు విషయంలో ఎం6 బోల్టులకు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు, ఎం8కి 20 నుంచి 25 సాధారణంగా సరిపోతుంది. కారు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించాలి. గ్రీజు డెల్రిన్‌కి లిథియంది చాలు. మిగిలిన రబ్బరు భాగాలకి తగిలేచోట సిలికాన్ గ్రీజు వాడండి, పెట్రోలియం గ్రీజు కొన్ని రకాల రబ్బరును ఉబ్బించేస్తుంది.

బరువు నాబ్

తేలికగా వేసుకుని తేలికగా తీసేయగలిగేది ఇదొక్కటే. బరువు నాబ్‌లు 250 నుంచి 500 గ్రాముల మధ్య దొరుకుతాయి. కదిలే బరువు పెరగడం వల్ల చెయ్యి మొదలుపెట్టిన ఊపును అది కొనసాగిస్తుంది, గాడిలో పడేటప్పుడు గరుకు తగ్గి టక్కున పడినట్టు ఉంటుంది. ఆట ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గదు. లూజుగా ఉన్న రాడ్ మీద బరువు నాబ్ పెడితే గుంతల రోడ్డు మీద ఇంకా ఎక్కువ ఊగుతుంది. గేర్‌లో నిలిపే స్ప్రింగులు బలహీనపడిన పాత గేర్‌బాక్సుల్లో గేరు జారిపోవడానికి అది కూడా ఓ చెయ్యి వేస్తుంది.

కొనేటప్పుడు మర చూడాలి. హోండాలకు ఎం10 × 1.5, టొయోటాలకు ఎక్కువగా ఎం12 × 1.25. ఫోక్స్‌వాగన్, స్కోడాల్లో అసలు మర ఉండదు, నాబ్‌ను బూటుతో కలిపి క్లిప్పుతో నొక్కి బిగిస్తారు, వాటికి అడాప్టర్ కావాలి. రివర్స్ కోసం ఉంగరం పైకెత్తే రకం కార్లలో ఆ ఉంగరానికి చోటు మిగిలే నాబ్ తీసుకోకపోతే రివర్సే పడదు. ఇక పూర్తిగా లోహంతో చేసినది మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఎండలో ఆపిన కారులో చెయ్యి పెట్టనివ్వదు. లోపల లోహం, పైన డెల్రిన్ లేదా తోలు ఉన్నది చూసుకోండి.

మౌంటింగులు, ఆయిల్, లోపలి స్ప్రింగులు

యాక్సిలరేటర్‌తో పాటు రాడ్ కదిలితే దోషి ఇంజిన్ మౌంటింగ్, ముఖ్యంగా కింద ఉండే టార్క్ రాడ్. రబ్బరు చిరిగితే కొత్తది కంపెనీదే వేయండి. అందులో పీయూ ముక్కలు దూర్చితే గేరుకి బిగువొస్తుంది గానీ ఏసీ వేసి సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది.

గేర్ ఆయిల్ మార్చడం ఈ జాబితాలో ఎవరూ లెక్కలోకి తీసుకోని పని. గేర్లు తెల్లవారుజామున బిగుసుకుని, పది కిలోమీటర్లు పోయాక బాగవుతుంటే ముందు ఆయిలే చూడాలి. జిగట ఎంత ఉండాలో మాన్యువల్ చెప్పినదే. 75డబ్ల్యూ-80 అని ఉన్న చోట 80డబ్ల్యూ-90 పోస్తే బిగువు రాదు, మొండితనం వస్తుంది. ఆ రెంటికీ చాలా తేడా. మాన్యువల్‌లో జీఎల్-4 (గేర్ ఆయిల్ తరగతి) అని ఉంటే షాపులో జీఎల్-5 ఇంకా మంచిదంటూ ఇచ్చినా తీసుకోవద్దు. జీఎల్-5లో ఒత్తిడిని తట్టుకునే గంధకం రసాయనాలు ఎక్కువ. అవి హైపాయిడ్ డిఫరెన్షియల్‌కి మంచివే గానీ, ఇత్తడి సింక్రో రింగుకి రాపిడి కావాలి, జారుడు కాదు. ఆయిల్ మరీ జారుడైతే సింక్రో సమయానికి పట్టుకోక గేరు కరకరమంటుంది. పాత ఆయిల్ తీసే ముందు ఫిల్లర్ బోల్టు విప్పి చూడండి. అది రాకుండా డ్రెయిన్ విప్పేస్తే ఆయిల్ లేని గేర్‌బాక్స్‌తో కారు అక్కడే ఉండిపోతుంది.

గాడిలో నిలిపే బంతి, స్ప్రింగులు కొన్ని గేర్‌బాక్సుల్లో బయటి బోల్టుల వెనకే ఉంటాయి. గట్టి స్ప్రింగు వేస్తే గాడి బాగా తెలుస్తుంది. కానీ షిఫ్ట్ ఫోర్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది. వేర్వేరు గేర్లకి స్ప్రింగుల పొడవు వేరుగా ఉండే చోట ఒకదానికొకటి తారుమారు చేస్తే ఒక గేరు నిలవదు. పాతబడి మెత్తబడ్డ వాటి స్థానంలో కంపెనీవే వేయడం దాకా సరే. అంతకన్నా గట్టివి వేసుకోమని ఎవరికీ సలహా ఇవ్వలేం.

పోలోలో బుష్ మార్చాక కేబుల్ సెట్ చేయడం

బుష్‌లు మార్చిన తర్వాత గేర్లు దొరకడం లేదనే ఫిర్యాదుల్లో చాలావరకు సెట్టింగ్ తప్పడమే. ఎంక్యూ200 ఐదు గేర్ల బాక్స్ ఉన్న పెట్రోల్ పోలోలో పద్ధతి ఇది. బ్యాటరీ, ట్రే, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీస్తే రెండు కేబుళ్ల చివర్లలో స్ప్రింగుతో ఉన్న లాకులు కనిపిస్తాయి. బ్యాటరీ తీసే ముందు మ్యూజిక్ సిస్టమ్ కోడ్ దగ్గర ఉంచుకోండి.

1. గేర్ న్యూట్రల్‌లో పెట్టండి. ఒక్కో కేబుల్ లాకును ముందుకు పూర్తిగా లాగి, ఎడమకి తిప్పి, అలాగే ఆగేలా చేయండి. ఇప్పుడు కేబుల్ పొడవు స్వేచ్ఛగా ఉంటుంది.
2. గేర్‌బాక్స్ పైన సెలెక్టర్ షాఫ్ట్‌ను కిందికి నొక్కి పట్టి, పక్కనే ఉన్న వంకర పిన్‌ను తిప్పుతూ లోపలికి తోయండి. షాఫ్ట్ 1–2 గేటులో బిగుసుకుంటుంది.
3. లోపల బూటు ఎత్తి, రాడ్‌ను న్యూట్రల్‌లోనే ఎడమకి తెచ్చి, డబ్బాలో ఉన్న రంధ్రం గుండా లాకింగ్ పిన్ దూర్చండి. కంపెనీ పిన్ లేకపోతే రంధ్రంలో ఆడకుండా సరిపోయే డ్రిల్ బిట్ చాలు. వదులుగా ఉన్న మేకు పెడితే సెట్టింగ్ మొత్తం ఆ వదులంత తప్పుతుంది.
4. కేబుల్ లాకులు రెండిటినీ కుడికి తిప్పి వదలండి. స్ప్రింగు వాటిని వాటి స్థానానికి తెస్తుంది. చేత్తో నెట్టకండి.
5. వంకర పిన్‌ను మళ్లీ బయటికి తెచ్చి మొదటి స్థానంలో పెట్టండి. లోపలి పిన్ తీసేయండి. ఈ రెండిట్లో ఏది మరిచినా కారు కదలదు.

తర్వాత ఇంజిన్ ఆపి ఐదు గేర్లూ, రివర్సూ వేసి చూడాలి. మొదటి గేర్ వేసి రాడ్‌ను ఎడమకి చివరిదాకా నొక్కి వదిలితే గేర్‌బాక్స్ మీద సెలెక్టర్ షాఫ్ట్ సుమారు 1 మి.మీ. కదలాలి. అసలు కదలకపోయినా, ఎక్కువ కదిలినా మళ్లీ మొదటి నుంచి చేయండి. సెట్టింగ్ సగం తప్పితే గేరు సగమే పడుతుంది. అప్పటికి బాగానే నడుస్తుంది గానీ డాగ్ పళ్ల (గేర్‌ను పట్టి ఉంచే పళ్ల) అంచులు అరిగి, కొన్నాళ్లకి ఆ గేరు తనంతట తానే బయటికి వచ్చేస్తుంది.

కేబుళ్లకి ఇలాంటి లాకు లేని కార్లలో కన్ను పిన్ మీద కూర్చుని, వాషర్‌తో, క్లిప్పుతో నిలుస్తుంది. అక్కడ సెట్టింగంటూ పెద్దగా ఉండదు. విప్పే ముందు ఫోటో తీసి పెట్టుకోండి, వాషర్ ఏ వైపు ఉందో తర్వాత గుర్తుండదు. పాత క్లిప్పు మళ్లీ వాడొద్దు.

రాడ్ లింకేజి, నేరు షిఫ్టర్

మారుతి 800 లాంటి వాటిలో రాడ్ నుంచి గేర్‌బాక్స్ దాకా ఇనుప కడ్డీలే. కీళ్లన్నీ కారు కింద, బురదలో. ఈ కార్లకి గేర్ లివర్ బుష్ కిట్ దాదాపు ప్రతి స్పేర్ షాపులో దొరుకుతుంది. సగం బుష్‌లు మార్చి సగం వదిలేయడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. గేర్‌బాక్స్ దగ్గర కీలు, రాడ్ అడుగు గిన్నె, వెనక ఎక్స్‌టెన్షన్ కడ్డీ రబ్బరు మూడూ ఒకేసారి మార్చాలి. కడ్డీలు ఇంజిన్‌తో కలిసి కదులుతాయి కాబట్టి మౌంటింగ్ పోయిన కారులో కొత్త కిట్ వేసినా రాడ్ ఊగుతూనే ఉంటుంది. షార్ట్ షిఫ్టర్ గురించి ఈ కార్లలో ఆలోచించక్కర్లేదు.

బొలేరో, జిప్సీల్లో మాదిరి నేరుగా గేర్‌బాక్స్ మీద నిలబడే రాడ్‌కి కింద గుండు, దాన్ని పట్టే నైలాన్ గిన్నె, పైనుంచి నొక్కే స్ప్రింగు ఉంటాయి. ఆట అంటే తొంభై పాళ్లు ఆ గిన్నె అరగడమే. బూటు కింద మూడు నాలుగు బోల్టులు విప్పితే రాడ్ పైకి వస్తుంది. విప్పే ముందు చుట్టూ మట్టిని బ్రష్షుతో, గాలితో పూర్తిగా శుభ్రం చేయండి, ఆ రంధ్రం నేరుగా గేర్‌బాక్స్ లోపలికే. ఇసుక పడితే బేరింగులు పోతాయి. స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది కాబట్టి చివరి బోల్టు మెల్లగా వదలాలి. ఇంజిన్‌తో పాటు రాడ్ వణకడం ఈ బళ్లకి సహజం, దాన్ని ఏ బుష్షూ పూర్తిగా ఆపలేదు.

ఎవరికి ఏది

వారంటీ ఉన్న కొత్త కారైతే నాబ్ తప్ప ఏదీ ముట్టుకోవద్దు. గేర్‌బాక్స్ క్లెయిమ్ వచ్చిన రోజు మార్చిన కేబుల్ బుష్ గురించి సర్వీస్ సెంటర్‌తో వాదన పెట్టుకోవాల్సి వస్తుంది.

వారంటీ అయిపోయి, హైదరాబాద్ ట్రాఫిక్‌లో తిరిగే కారుకి చివరి బుష్‌లు డెల్రిన్, అడుగు బుష్‌లు డెల్రిన్, బ్రాకెట్ కంపెనీ రబ్బరే కొత్తది. షార్ట్ షిఫ్టర్ వద్దు. గంటలో వందసార్లు గేర్ మార్చేచోట 30 శాతం అదనపు బలం మోచేతికి తెలుస్తుంది.

ఘాట్ రోడ్లలో ఎక్కువ తిరిగేవాళ్లు, అరకు దారిలో రెండు–మూడు మధ్య పదే పదే మార్చేవాళ్లు, పైన చెప్పిన చివరి, అడుగు బుష్‌లకి తోడు బ్రాకెట్‌కి పీయూ, 300 గ్రాముల నాబ్ వేసుకోవచ్చు. ఇవన్నీ వేశాక కూడా దూరం ఎక్కువే అనిపిస్తే అప్పుడు రాడ్ వైపు షార్ట్ షిఫ్టర్, తగ్గింపు 20 శాతం దాటనిది. 40 శాతం తగ్గింపు అని రాసి ఉన్నవి రోడ్డు కారుకి పనికిరావు: బలం మూడింట రెండు వంతులు పెరుగుతుంది, పక్క గేట్ల మధ్య దూరం కూడా తగ్గే రకమైతే ఐదు నుంచి నాలుగుకి అనుకుని రెండులో వేసే ప్రమాదం ఉంది. హైవే వేగంలో అలా జరిగితే ఇంజిన్ ఓవర్‌రెవ్ అయి వాల్వులు వంగొచ్చు, రెవ్ లిమిటర్ దాన్ని ఆపలేదు.

పాత కారు కొని, ఏం పోయిందో తెలియనివాళ్లు ఒకేసారి అన్నీ మార్చకండి. చివరి బుష్‌లు, ఆయిల్ ముందు. మళ్లీ స్కేలు పెట్టి కొలవండి. అంకె సగానికి పైగా తగ్గితే అక్కడితో ఆపేయవచ్చు. తగ్గకపోతే అడుగు బుష్‌లు, తర్వాత పివట్ గిన్నె. ఏది వేసినా 500 కిలోమీటర్ల తర్వాత కన్సోల్ మరోసారి తెరిచి బోల్టులు బిగించి చూడండి. పీయూ మొదట్లో కొంచెం కూర్చుంటుంది, వదులైన బోల్టు చేసే చప్పుడు బుష్ చేసే చప్పుడులాగే ఉంటుంది.